మౌనం వేరు, శాంతి వేరు

గత వేసవిలో మా వీధిలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు నా కళ్ళముందు పెరిగిన పిల్లవాడు. వాళ్ళ తాతా, మా నాన్నా ఒకే పడవలో అవతలి గట్టుకు పోయి వచ్చిన కాలం వాళ్ళు. బరాత్ రాత్రి తొమ్మిదింటికి బయలుదేరింది. ట్రాక్టరు ట్రాలీ మీద మనిషెత్తు పెట్టెలు పేర్చి డీజే కట్టారు. ఆ మోతకు మా ఇంటి కిటికీ రెక్కలు అదిరాయి. పక్కింట్లో ఎనభై దాటిన అవ్వ నెల రోజులుగా మంచంలో ఉంది. పదకొండు దాటాక ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుని గోడవైపు తిరిగి పడుకున్నదని కోడలు వచ్చి చెప్పింది. నేను చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళాను.

పెట్టెల దగ్గర పెళ్ళికొడుకు తమ్ముడు నిలబడి ఉన్నాడు. "జర తగ్గించు బిడ్డా" అన్నాను. ఎందుకో చెప్పలేదు. చెప్పినా వినబడే చోటు కాదది. "ఒక్క రాత్రే గద కాకా, జర ఓర్సుకోన్రి" అన్నాడు. అమర్యాదగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. కాస్త తగ్గించాడు కూడా. నేను ఇంటి గడప ఎక్కేసరికి మోత మళ్ళీ మొదటికి వచ్చింది.

మరునాడు రాత్రి వీధి సద్దుమణిగింది. కుక్క కూడా మొరగలేదు. హాయిగా నిద్రపోవలసినవాణ్ణి తెల్లవారుజాము దాకా మేలుకునే ఉన్నాను. ఆ కుర్రవాడి మీద కోపం, చెప్పవలసిన మాట చెప్పలేకపోయానన్న చిన్నతనం, వాళ్ళ నాన్నతో ఎప్పటిదో గట్టు తగాదా, పట్నంలో ఉన్న కొడుకు వారం రోజులుగా ఫోను చేయలేదన్న బాధ, అన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చిన పెట్టెల్లా తలలో మోగుతూనే ఉన్నాయి. బయటి డీజే ఆగింది గాని లోపలిది ఆగలేదు. అప్పటినుంచి నన్ను ఒక ప్రశ్న వదలడం లేదు. మనం వెతుకుతున్నది నిశ్శబ్దాన్నా, శాంతినా? ఈ రెండూ ఒకటేనా?

మా సిరోంచను ఎరగని పాఠకుల కోసం రెండు మాటలు. మా తాలూకాకు పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. మూడు వైపులా నీళ్ళు, నాలుగో వైపు అడవి. వంతెనలు లేని రోజుల్లో అవతలి గట్టుకు పోవాలంటే పడవే దిక్కు. వాన ముదిరితే అదీ లేదు. ఇప్పుడు నదుల మీద వంతెనలు వచ్చాయి. బస్సులూ లారీలూ వచ్చాయి. ఆస్పత్రికి పోవలసిన మనిషి గట్టున కూర్చుని పడవ కోసం ఎదురుచూసే పరిస్థితి తప్పింది. కాబట్టి పాతకాలపు నిశ్శబ్దాన్ని తలచుకుని కన్నీరు పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ నిశ్శబ్దంలో ఎందరో వైద్యం అందక పోయారు.

పైగా ఆ రోజుల్లో చప్పుడు లేదని ఎవరన్నారు? వరద రోజుల్లో ఏరు రాత్రంతా ఘోషించేది. పెళ్ళికి డప్పులు మోగేవి. బతుకమ్మ పాటలు అర్ధరాత్రి దాకా సాగేవి. అయితే డప్పు కొట్టేవాడికి చేతులు నొప్పి పుట్టేవి. పాడేవాళ్ళకు గొంతు ఎండేది. చప్పుడుకు ఒక మనిషి ఉండేవాడు, ఆ మనిషికి ఒక అలసట ఉండేది. అతని అలసటే ఊరికి విశ్రాంతి. ఈనాటి పెట్టెలకు అలసట లేదు. చేతిలోని ఫోనుకూ లేదు. మనిషి అలసినా ఆగని చప్పుడు మనకు కొత్తగా వచ్చింది. అదే అసలు మార్పు.

చట్టం ఈ సంగతి గుర్తించకపోలేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళకు మించరాదు. రాత్రి అంటే పదింటి నుంచి ఉదయం ఆరు దాకా. ఆస్పత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ నూరు మీటర్ల మేర నిశ్శబ్ద మండలం. డెసిబెళ్ళ లెక్క మామూలు లెక్క కాదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. 45 ఉండవలసిన చోట 95 ఉంటే రెండింతలని మనం అనుకుంటాం. నిజానికి అది లక్ష రెట్లు. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం ఒక్క వాక్యంలో చెప్పుకోవచ్చు: మాట్లాడే స్వేచ్ఛ నీకు ఉంది గాని, నీ మాట నేను వినితీరాలనే హక్కు నీకు లేదు. ఎంత మంచి మాట! కాని చిన్న ఊళ్ళో ఆ హక్కును వాడుకోవాలంటే ఠాణాకు పోయి కాకా కొడుకు మీద, మేనమామ మనుమడి మీద ఫిర్యాదు రాయాలి. రాసి మళ్ళీ అదే వీధిలో బతకాలి. అందుకని చట్టం పుస్తకంలో ఉంటుంది, డీజే ట్రాలీ మీద ఉంటుంది.

పోనీ, చట్టం నూటికి నూరుపాళ్ళు అమలైందనుకుందాం. నా రెండో రాత్రికి అదేం చేయగలదు?

వారం తరవాత ఆ కుర్రవాడు చాయ్ హోటల్లో కనిపించాడు. హైదరాబాదులో కట్టడాల దగ్గర పనిచేస్తాడు. ఏడాదికి రెండుసార్లు వస్తాడు. చాయ్ తాగుతూ, నిష్ఠూరంగా కాదు గాని, అడిగాను: అంత మోతలో మీకేం సుఖం ఉందిరా? కొంచెంసేపు ఊరుకుని, "గది బంద్ జేస్తె బుర్రల ఉన్నదంత ఇనవడ్తది కాకా" అన్నాడు. అప్పు ఉందట. మేస్త్రి కూలి ఆపాడట. అన్న పెళ్ళికి చేసిన ఖర్చులో తన వంతు ఇంకా కట్టవలసి ఉందట. గంటసేపు అవేవీ వినబడకుండా ఉండాలంటే ఛాతీ అదిరే చప్పుడు కావాలి.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట నాకూ వర్తిస్తుంది. నేను డీజే పెట్టను. కాని నిద్ర పట్టకపోతే ఫోను తెరుస్తాను. ఎవరెవరో పంపిన వీడియోలు చూస్తాను. పొద్దున లేస్తూనే టీవీ పెడతాను. ఊరికి వినబడని డీజే నాది. వాడు ఏడాదికి ఒక్క రాత్రి చేసిన పని నేను రోజూ చేస్తున్నాను. చప్పుడు మనల్ని వెంటాడుతోందని ఫిర్యాదు చేస్తాం గాని, చాలాసార్లు మనమే దాన్ని వెంటబెట్టుకు తిరుగుతున్నాం.

అయితే చప్పుడు మానుకుని మౌనంగా ఉండడమే మందు అనవచ్చునా? పుస్తకాల్లో అలాగే రాసి ఉంటుంది. మా ప్రాంతపువాడిగా నాకు ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. అది నా చిన్నతనం నుంచి వచ్చింది.

సిరోంచ ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానం. 1874లో ఆ జిల్లాను చాందాలో కలిపారు. 1956లో విదర్భతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చాం. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం మాకు రెండువందల కిలోమీటర్ల పైమాట. కాళేశ్వరం గుడి గోపురం ఏటి అవతలే. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ. ఏ తరంలోనూ మమ్మల్ని అడిగి గీత గీసినవారు లేరు. అలాగని మరాఠీ మీద నాకు కోపం లేదు. అది నాకు అన్నం పెట్టిన భాష, నేను ప్రేమించిన పుస్తకాలెన్నో ఆ భాషలో ఉన్నాయి.

కాని బడిలో మొదటి ఏడాది మరచిపోలేను. ఒకరోజు గురూజీ పక్షి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగారు. అది కొంగ. ప్రాణహిత ఒడ్డున రోజూ చూసే కొంగ. ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడుతుందో, చేపను ఎలా తిప్పి మింగుతుందో నాకు తెలుసు. ఆ పక్షిని గురించి నాకు తెలియనిదల్లా దాన్ని ఆ గదిలో ఏమంటారో అన్న ఒక్క ముక్కే. బగళా అని పక్కవాడు చెప్పాడు. నేను ఊరుకున్నాను. ఆ ఏడాదంతా ఊరుకున్నాను. ఏడాది చివర ప్రగతి పుస్తకంలో నన్ను గురించి రెండు మాటలు రాశారు: 'శాంత్ ముల్గా'. మా అమ్మ ఎవరిచేతనో చదివించుకుని, నా కొడుకు శాంతమూర్తి అన్నారని మురిసిపోయింది.

ఆ రెండు మాటల్లో ఒక పెద్ద చిక్కు దాగి ఉందని చాలా ఏళ్ళకు గాని నాకు తెలియలేదు. మరాఠీలో 'శాంత్ బసా' అంటే చప్పుడు చేయకుండా కూర్చోండి అని అర్థం. చప్పుడు లేకపోవడానికీ, మనసు నిమ్మళంగా ఉండడానికీ అక్కడ ఒకే మాట సరిపోతుంది. మన ఇళ్ళల్లో పిల్లలు గోల చేస్తే 'శాంతంగా ఉండండి' అనం. 'సప్పుడు చెయ్యకున్రి' అంటాం. శాంతం అనే మాటను వేరే పనికి దాచుకున్నాం. ఒక భాష గొప్పదని, మరొకటి తక్కువని కాదు. రెండు భాషల గట్టున పెరిగినవాడికి మాత్రం ఈ తేడా కంట్లో నలుసులా కనబడుతుంది. గురూజీ చూసింది చప్పుడు లేని పిల్లవాణ్ణి. నిమ్మళం ఆ పిల్లవాడిలో ఎక్కడా లేదు. పైకి రాని మాటలన్నీ లోపల గోల పెడుతుండేవి.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలో 350-ఏ అధికరణం ఉంది. 1956లో ఏడవ సవరణతో చేర్చారు. అది ఎంతవరకు అమలైందనే చర్చ వేరే వ్యాసానికి వదిలేస్తాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మాట దొరకక ఊరుకున్నవాణ్ణి చూసి శాంతస్వభావుడని మెచ్చుకోవడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

ఇలాంటి మౌనం ఇంకొకటి మా జిల్లా చూసింది. 1980ల నుంచి మా అడవి గ్రామాలు రెండు తుపాకుల నడుమ బతికాయి. అటువైపు వారు అడిగినా, ఇటువైపు వారు అడిగినా 'తెలియదు' అన్న ఒక్క మాట ప్రాణాన్ని కాపాడేది. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళను చూసి ఆహా, ఎంత ప్రశాంతంగా ఉంది అనుకుని ఉండవచ్చు. పొద్దు గుంకితే తలుపులు వేసుకునే ఊరిది ప్రశాంతత కాదని ఆ తలుపుల వెనక కూర్చున్నవాళ్ళకే తెలుసు.

మరి తెలిసి, కోరి, వ్రతంగా పట్టిన మౌనం సంగతేమిటి? దానికీ మా నీళ్ళలోనే ఒక ఉదాహరణ ఉంది. వార్ధా దగ్గర పౌనారులో ధామ్ నది ఒడ్డున వినోబా భావే ఆశ్రమం ఉంది. ధామ్ నీళ్ళు చివరకు వార్ధా నదిలో చేరతాయి. వార్ధా, వైన్‌గంగ కలిస్తే మా ప్రాణహిత. పౌనారు ఆశ్రమం ముందు పారిన నీరు మా ఊరి ముందుకూ వస్తుంది. ఆ వినోబాయే 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి దేశమంతా కాలినడకన తిరిగారు. 1974 డిసెంబరు 25న ఆయన ఏడాది మౌనవ్రతం పట్టారు. ఆ ఏడాది నడుమ, 1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది. నాయకులు జైళ్ళకు పోయారు, పత్రికల నోళ్ళు మూతపడ్డాయి. ఆయన మౌనంలో ఉన్నారు. ఆయన రాసి చూపిన 'అనుశాసన పర్వం' అన్న మాటను ప్రభుత్వం తనకు అనుకూలంగా తిప్పుకుంది. మౌనం విడిచిన తరవాత ఆయన, ఆచార్యుల అనుశాసనం వేరు, పాలకుల శాసనం వేరు అని వివరించారు. అప్పటికి మాట చేయి దాటిపోయింది.

ఆ మహనీయుణ్ణి తప్పుపట్టడానికి నేనెవణ్ణి? ఆయన మౌనంలో కపటం లేదని నమ్ముతాను. అయినా ఆ ఘట్టం ఒక పాఠం చెబుతుంది. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నువ్వు మాట్లాడనప్పుడు నీ తరఫున మాట్లాడడానికి బలవంతుడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు.

పౌనారుకు దగ్గరలోనే సేవాగ్రాం. గాంధీజీ సోమవారం మౌనం అందరికీ తెలిసినదే. మొదట పని ఒత్తిడి నుంచి విరామంగా మొదలై, తరవాత అది ఆయనకు ఆత్మసాధన అయింది. నన్ను ఆకట్టుకునేది మాత్రం మంగళవారం. ప్రతి సోమవారం వెనుకా ఒక మంగళవారం ఉండేది. ఆ రోజు ఆయన మళ్ళీ ఉత్తరాలకు, వాదాలకు, జనం మధ్యకు వచ్చేవారు. తిరిగి మాటలోకి తీసుకువచ్చే మౌనం అది.

దీన్నిబట్టి నాకు తోచిన కొలత ఇది. మౌనంగా ఉన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది: దీన్ని నేను ఎంచుకున్నానా, లేక నా మీద పడిందా? రెండవది: నా మౌనానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? నేనా, ఇంకొకరా? మూడవది: ఇది ముగిశాక నా మాట ఇదివరకటికన్నా నిజంగా, మెత్తగా వస్తుందా? మూడింటికీ సరైన జవాబు దొరికితే అది శాంతికి దారి. ఏ ఒక్కటి తప్పినా అది వట్టి చప్పుడు లేకపోవడం.

చలికాలంలో వీలైనప్పుడల్లా తెల్లవారకముందే సంగమం వైపు నడిచిపోతాను. రెండు నీళ్ళూ కలిసే చోట కొంతదూరం దాకా ప్రాణహిత ప్రాణహితలాగే, గోదావరి గోదావరిలాగే పారుతాయి. ఎక్కడ ఒకటైపోతాయో వేలు పెట్టి చూపలేం. ఇక్కడ సరస్వతి కూడా కలుస్తుందనీ, కనబడకుండా అంతర్వాహినిగా పారుతుందనీ పెద్దల మాట. 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలకు అవతలి గట్టున కాళేశ్వరంలో లక్షలాది జనం స్నానాలు చేశారు. మైకుల మోత ఇవతలికి కూడా వినబడింది. నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. సరస్వతి అంటే వాగ్దేవి కదా. మాటకు దేవత అయిన తల్లి ఇక్కడ చప్పుడు లేకుండా పారుతున్నదని అనుకున్నారంటే, మన పూర్వులు మౌనాన్ని మాటకు శత్రువుగా తలచలేదన్నమాట. మాట ఎండిపోకుండా అడుగున పారే తడి అది.

ఆ ఒడ్డున కూర్చుంటే ఏదో సమాధి కుదురుతుందని చెప్పను. మొదటి పావుగంట నా పాత తగాదాలే వినబడతాయి. వాటిని తరమను. చెప్పనిస్తాను. ఎవరూ ఎదురు జవాబు చెప్పకపోతే అవీ డప్పు కొట్టేవాడిలాగే అలసిపోతాయి. తరవాత నీటి చప్పుడు, తెడ్డు చప్పుడు, కొంగ రెక్కల చప్పుడు వినబడతాయి. ఆ తరవాత, కొన్ని రోజుల్లో మాత్రమే, ఇతరుల గొంతులు వినబడతాయి. దిగువన మా తాలూకా పోచంపల్లికీ అవతలి మేడిగడ్డకూ మధ్య 85 గేట్ల బ్యారేజీ ఉంది. 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరు 21న స్తంభాలు కుంగాయి. దాన్ని గురించి టీవీల్లో ఎంత గోల జరిగిందో మీకు తెలుసు. ఆ గోలలో, ఎగువ నీళ్ళకు పొలాలు మునిగి పరిహారం కోసం తిరిగిన మా రైతుల మాట ఎందరికి వినబడింది? చప్పుడుకు ఉన్న అసలు దోషం చెవిని నొప్పించడం కాదు. మెల్లగా మాట్లాడేవాణ్ణి లేకుండా చేయడం.

ఆ ఒడ్డునే ఒకనాడు నా తప్పు నాకు తెలిసింది. పెళ్ళి రాత్రి నేను కుర్రవాడితో తగ్గించమన్నాను గాని అవ్వ సంగతి చెప్పలేదు. మోతలో వాడికి వినబడలేదన్నది సాకు. చాయ్ హోటల్లో ఏ మోతా లేదు. అక్కడా చెప్పలేదు. వాడి మీద కోపాన్ని పెద్దమనిషి మౌనంగా మార్చుకుని దాచుకున్నాను. మూడు ప్రశ్నల్లో రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. నా మౌనానికి మూల్యం చెల్లించింది మంచంలో ఉన్న అవ్వ.

దసరాకు వాడు మళ్ళీ వచ్చినప్పుడు ఇంటికి పోయి చెప్పాను. వాడి ముఖం మారిపోయింది. "నాకెవ్వలు చెప్పలే కాకా. పెండ్లికి రెండు దినాల ముంగట్నే గద నేనొచ్చింది" అన్నాడు. అప్పటికప్పుడు నాతో అవ్వ దగ్గరికి వచ్చాడు. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాడు గాని ఏం మాట్లాడాలో తెలియలేదు. అవ్వే అడిగింది: "పెండ్లి మంచిగయిందా బిడ్డా?"

"అయింది అవ్వా" అన్నాడు. ఆ తరవాత చాలాసేపు ముగ్గురం ఊరుకున్నాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.